పాత రైఫిల్ గ్రెనేడ్ కప్పు: ఉంచుకోవచ్చా, తుప్పు ఎలా వదిలించాలి, సరదాకి పేల్చే వీలుందా?

కంటోన్మెంట్_విజయనగరం:

అందరికీ నమస్కారం. విజయనగరం కంటోన్మెంట్ వైపు ఒక పాత పెంకుటింటి అటక మీద చెక్కపెట్టె ఉంది. అందులో ఉన్నవి ఇవీ:

ఒకటి, మందపాటి ఉక్కు గ్లాసులాంటిది. లోపలి వ్యాసం 63, 64 మి.మీ. మధ్య ఉంది. అడుగున రెండు కొక్కేల్లాంటి పట్లు, వాటిని బిగించే మర. పక్కన ఒక రంధ్రం, దాన్ని మూసి తెరిచే తిరుగుడు పట్టీ ఉన్నాయి. పట్టీ తుప్పుకి బిగుసుకుపోయింది. రెండు, ఇత్తడి తూటాలు మూడు. గుండు లేదు, మూతి నొక్కేసి ఉంది. మూడు, సీతాఫలం మాదిరి గళ్లున్న ఇనుప ఉండ, పైన ఒక రేకు మీట. ఇవి కాక ఒక కాన్వాసు సంచీ, తోలు పట్టీలు.

నా ప్రశ్నలు: ఇదేమిటి? ఇంట్లో ఉంచుకోవచ్చా? తుప్పు దేనితో తీయాలి? విదేశాల్లో పాత గ్రెనేడ్ లాంచర్లతో సుద్దపొడి గుళ్లు పేల్చుకునే వీడియోలు చూశాను, మన దగ్గర అలాంటి వీలుందా?

---

గంటస్తంభం:

మిగతా ప్రశ్నలు తర్వాత చూద్దాం. ముందు ఆ ఉండ సంగతి. దాన్ని మళ్లీ ముట్టుకోకండి. తుడవొద్దు, ఊపి చూడొద్దు, అడుగు మర విప్పొద్దు. మీరు చెప్పిన ఆకారం మిల్స్ బాంబుది, అంటే నంబర్ 36 గ్రెనేడ్‌ది. 1915లో వచ్చిన నమూనాకి తరువాతి రూపం. మన సైన్యం చాలా దశాబ్దాలు వాడింది.

ఎందుకు ముట్టుకోకూడదో చెప్తాను. అందులో స్ప్రింగు వెనక్కి లాగిన సూది ఉంటుంది. దాన్ని మీట ఆపుతుంది, మీటను పిన్ను ఆపుతుంది. పాత వస్తువులో ముందుగా తినేసుకుపోయేది ఆ సన్నటి పిన్నే. ఫ్యూజు (కాసేపు కాలే వత్తి), డిటొనేటర్ (అసలు పేలుడుని అంటించే చిన్న గొట్టం) కలిసిన భాగాన్ని అడుగు మర విప్పి లోపల పెడతారు కాబట్టి, అది ఉందో లేదో బయటి నుంచి చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. శిక్షణకి వాడేవాటికి సాధారణంగా పక్కన పెద్ద రంధ్రాలు తొలిచి ఉంటాయి. కానీ రంగు చూసి, బరువు చూసి ‘ఇది ఖాళీదే’ అని తేల్చుకోవద్దు. లోపలి మందు తడిసి చచ్చిపోయి ఉంటుందనే నమ్మకం కూడా తప్పు. లెడ్ ఎజైడ్ అనే, తేలిగ్గా పేలే మందు ఉన్న డిటొనేటర్లలో తేమ చేరితే అది రాగితో కలిసి ఇంకా సున్నితమైన పదార్థం తయారవుతుంది. అంటే వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

ఆ మూడు తూటాలూ ఖాళీవి కావు. గుండు లేకుండా మూతి నొక్కిన తూటా అంటే గ్రెనేడ్‌ని తోసేందుకు వాడే మందుతూటాగానీ, ఉత్త చప్పుడు తూటాగానీ అయ్యుంటుంది. అడుగు మధ్యలో ఉన్న టోపీ మీద సూది గుంట పడి లేకపోతే అందులో మందు ఉన్నట్టే లెక్క.

చేయాల్సింది ఇదీ. పెట్టె ఎక్కడుందో అక్కడే వదిలేయండి. ఇంట్లో అందరూ బయటికి రావాలి, గోడలు అడ్డుండేంత దూరం వెళ్లాలి. అక్కడి నుంచి 112కి ఫోన్ చేసి ‘పాత గ్రెనేడ్‌లా ఉంది, బాంబ్ స్క్వాడ్ కావాలి’ అని స్పష్టంగా చెప్పండి. ఫొటో ముందే ఉంటే చూపించండి, కొత్తగా తీయడానికి లోపలికి వెళ్లకండి. మన వైపు జనం చేసే పెద్ద పొరపాట్లు రెండు: నీళ్ల బకెట్లో వేయడం, బండి మీద పెట్టుకుని స్టేషనుకి పట్టుకెళ్లడం. నీళ్లు ఫ్యూజుని ఆపవు. బండి కుదుపు ఆ పిన్నుకి చాలా ఎక్కువ. పాత ఇనుము కొనేవాళ్లకి మాత్రం అస్సలు ఇవ్వొద్దు. వాళ్లు సుత్తితో కొట్టి చూస్తారు.

ఇది ఒక్క కంటోన్మెంట్ మాట కాదు. పార్వతీపురం, సీతంపేట ఏజెన్సీ ఊళ్లలో పొలం దున్నుతుంటేనో, గుట్ట మీదో పాత డంపు సామాను దొరికినా ఇదే పద్ధతి. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఆనాటి ఇనుము ఈ తీరంలో ఎక్కడైనా బయటపడొచ్చు.

---

వంశధార:

గంటస్తంభం గారు చెప్పినది అయ్యాకే ఇది చదవండి.

మీ ఉక్కు గ్లాసు రైఫిల్ మూతికి తగిలించే గ్రెనేడ్ కప్పు. రెండున్నర అంగుళాలంటే 63.5 మి.మీ., మీ కొలతకి సరిపోయింది. అడుగున ఉన్న కొక్కేలు .303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ మూతి దగ్గరి లోహపు తొడుగుని పట్టుకుంటాయి, మర బిగిస్తే కదలదు. మిల్స్ బాంబు అడుగుకి ఒక గుండ్రటి రేకు బిగిస్తారు. అది కప్పు గోడలకి ఒరుసుకుంటూ వాయువు పక్కనుంచి తప్పించుకోకుండా అడ్డుకుంటుంది. పిన్ను తీసినా మీట కప్పు గోడకి ఆని లేవదు. కప్పు దాటి బయటికి వచ్చాకే మీట ఎగిరిపోయి ఫ్యూజు అంటుకుంటుంది. చేత్తో విసిరేదానికి 4 సెకన్ల ఫ్యూజు ఉండేది, కప్పులోంచి వెళ్లేదానికి 7 సెకన్లది. దూరం వెళ్లాలి కదా.

మీరు చెప్పిన పక్క రంధ్రం, పట్టీ ఈ వస్తువులో అన్నిటికంటే తెలివైన భాగం. తూటా ఒకటే, రైఫిల్ ఒకటే. దూరం మార్చాలంటే వాయువు కొంత బయటికి వదలాలి. రంధ్రం పూర్తిగా మూస్తే సుమారు 200 గజాలు, తెరిచేకొద్దీ తగ్గుతుంది. జపాన్ వాళ్ల 50 మి.మీ. టైప్ 89 గ్రెనేడ్ లాంచర్ కూడా దాదాపు ఇదే ఆలోచన మీద పని చేస్తుంది: గొట్టాన్ని 45 డిగ్రీల దగ్గరే ఉంచి, గ్రెనేడ్ కింద మిగిలే ఖాళీని మరతో పెంచి తగ్గిస్తారు. ఖాళీ పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, దూరం తగ్గుతుంది. దాన్ని ‘మోకాలి మోర్టార్’ అనడం విని నిజంగానే తొడ మీద పెట్టి పేల్చి ఎముక విరగ్గొట్టుకున్న సైనికులున్నారు. దాని వంపు అడుగు నేల మీదో, దుంగ మీదో ఆనడానికి పెట్టింది.

ఈ కప్పు తగిలించిన రైఫిళ్లకి ఏం జరిగేదో సేకరించేవాళ్లు తెలుసుకోవాలి. ముప్పావు కిలో ఇనుముని ఒక్కసారి తోస్తే ఆ ఎదురుదెబ్బకి చెక్క పగులుతుంది. కప్పు కంటే ముందు కడ్డీ గ్రెనేడ్లు ఉండేవి, కడ్డీని నేరుగా గొట్టంలోకి దూర్చేవాళ్లు. వాటివల్ల గొట్టం లోపల ఉబ్బు వచ్చి రైఫిల్ గురి చెడిపోయేది. అందుకే ఈ పనికి కేటాయించిన రైఫిళ్లకి ముందుచెక్క చుట్టూ తీగ చుట్టి అతికించేవాళ్లు, మామూలు తూటాలకి వాడేవాళ్లు కాదు. మన పోలీసుల ‘జీఎఫ్ (గ్రెనేడ్ ఫైరింగ్) రైఫిల్’ ఆ వంశానిదే, బాష్పవాయు గుళ్లు విసరడానికి. మ్యూజియంలో తీగ చుట్టిన రైఫిల్ కనబడితే అది మరమ్మతు అనుకోకండి, అదే దాని గుర్తు.

---

కంటోన్మెంట్_విజయనగరం:

112కి చేశాను. స్క్వాడ్ వచ్చి ఉండనీ తూటాలనీ పట్టుకెళ్లారు. కప్పుని కూడా పంచనామా రాసి తీసుకున్నారు, పరిశీలన అయ్యాక అధికారులు నిర్ణయిస్తారన్నారు. సంచీ, పట్టీలు నా దగ్గరే ఉన్నాయి. కప్పు తిరిగి అడిగే హక్కు ఉందా? ఖాళీ గ్లాసే కదా, ఆయుధం ఎలా అవుతుంది?

---

పాలకొండ_రోడ్:

ఈ ‘ఖాళీదే కదా’ అన్న మాట దగ్గరే సేకరణదారులు ఇరుక్కుంటారు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 2లో ‘ఫైర్ ఆర్మ్స్’ నిర్వచనం చదవండి. ఫిరంగులు, చేతి గ్రెనేడ్లు అందులో పేరు పెట్టి ఉన్నాయి. వాటి భాగాలూ ఉన్నాయి. ‘అమ్యునిషన్’ నిర్వచనంలో గ్రెనేడ్లు, షెల్లులు, ఫ్యూజులు, వాటి భాగాలు వస్తాయి. కాబట్టి ఉత్త కప్పు, ఉత్త గ్రెనేడ్ డొల్ల అన్నవి చట్టం కళ్లకి ఉత్త ఇనుము కాకపోవచ్చు. మందు ఉన్నదైతే 1908 పేలుడు పదార్థాల చట్టం కూడా తోడవుతుంది. నిషిద్ధ ఆయుధం లైసెన్సు లేకుండా ఉంచుకుంటే 2019 సవరణ తరువాత శిక్ష 7 నుంచి 14 ఏళ్లు. .303 రైఫిల్ నిషిద్ధ బోరు (గొట్టం లోపలి కొలత), కాబట్టి ‘కప్పుకి జోడీగా రైఫిల్ కూడా వెతుకుదాం’ అన్న ఆలోచన ఇప్పుడే వదిలేయండి.

మీకు పనికొచ్చేది సెక్షన్ 45. కాలం చెల్లిన నమూనాగానీ, పురాతన విలువ ఉన్నదిగానీ, పాడైపోయినదిగానీ అయ్యి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని ఆయుధానికి ఆ సెక్షను మినహాయింపు ఇస్తుంది. ‘మరమ్మతు చేసినా’ అన్న మాట కింద గీత గీసుకోండి. తుప్పు పట్టి పట్టీ తిరగడం లేదన్నది చాలదు, నూనె వేస్తే తిరుగుతుంది కదా. ఈ మినహాయింపు మీకు వర్తిస్తుందని మీ అంతట మీరు తేల్చుకోకూడదు. పంచనామా నకలు, కొలతలు, ఫొటోలు, ఇల్లు ఎవరిదో చూపే కాగితం జత చేసి కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సుల విభాగానికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. సాయుధ దళం ఆర్మరర్ (ఆయుధాలు చూసే నిపుణుడు) చేత పరీక్ష చేయించి, అవసరమైతే పని చేయకుండా చేయించి, సెక్షన్ 45 కిందికి వస్తుందో లేదో లిఖితంగా తెలపమని అడగండి. నోటిమాట అనుమతి తీసుకోకండి, ఆ అధికారి బదిలీ అయితే మీ చేతిలో ఏమీ మిగలదు. అర్జీ అందినట్టు ముద్ర వేసిన ప్రతి ఉంచుకోండి.

ఇవ్వకపోతే మ్యూజియంకి ఇమ్మని మీరే కోరవచ్చు. నా అభిప్రాయం అడిగితే అదే మంచి దారి. అటక మీద పెట్టె మూసి ఉన్న వస్తువు కంటే, పక్కన వివరం రాసి పదిమందికి కనబడే వస్తువు విలువైనది.

చట్టం ఇబ్బంది లేకుండా సేకరించగలిగేవి చాలా ఉన్నాయి: ఆనాటి శిక్షణ పుస్తకాలు, పటాలు, కాన్వాసు సంచులు, బెల్టులు, చెక్కపెట్టెలు, బ్యాడ్జీలు, ఫొటోలు. ఖాళీ తూటా తొడుగులు మాత్రం వద్దు. అవి అమ్యునిషన్ భాగాలే, సంచీ అడుగున ఒకటి మర్చిపోయి విమానాశ్రయంలో స్కానర్ కింద దొరికితే రోజంతా అక్కడే. విదేశీ వెబ్‌సైట్లలో ‘ఇనర్ట్’ (మందు లేనిది) అని అమ్మేవీ తెప్పించుకోవద్దు. అక్కడ చట్టబద్ధం అయినంత మాత్రాన ఇక్కడి కస్టమ్స్ ఒప్పుకోదు.

---

కళింగపట్నం_తీరం:

తుప్పు సంగతి నాను సెప్తాను బావూ. కప్పు కాగితాలతో తిరిగొస్తేనే దాని మీద చెయ్యి వేయండి. ఈ పద్ధతి ఏ పాత ఉక్కు సామానుకైనా పనికొస్తుంది: కత్తిపిడి, తాళం, తూనికరాయి, ఏదైనా.

మొదటి రోజే శుభ్రం మొదలెట్టొద్దు. స్కేలు పక్కన పెట్టి అన్ని వైపులా ఫొటోలు తీయండి, తూకం వేయండి. ముద్రలు, అంకెలు, పాత రంగు ఎక్కడున్నాయో రాసుకోండి. వాటి వల్లే వస్తువుకి పుట్టుక తెలుస్తుంది. వైరు బ్రష్షు, ఇసక కాగితం, గ్రైండరు పెడితే అవి పోతాయి, మళ్లీ రావు. వెనిగర్లో నానబెట్టడం కూడా వద్దు. ఆమ్లం తుప్పుతో పాటు మంచి ఉక్కుని కూడా తింటుంది. బయటికి తీసిన గంటకే నారింజరంగు కొత్త తుప్పు వస్తుంది.

మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, ఎసిటోన్‌తో జిడ్డు తీయండి. కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గర్లో దీపం, పొయ్యి ఉండకూడదు. తరువాత పల్చటి యంత్రపు నూనె రాసి రెండు మూడు రోజులు వదిలేయండి. వెదురు పుల్ల చెక్కి దాంతో గీకండి. ఉక్కుకి గీత పడదు, వదులైన తుప్పు రాలుతుంది. మిగిలినది నూనెలో ముంచిన 0000 నంబరు స్టీల్ ఊల్‌తో, బరువు వేయకుండా. బిగిసిన పట్టీకి రోజూ రెండు చుక్కలు చొరబడే నూనె వేస్తూ వారం ఆగండి. మంట పెట్టి వేడి చేయొద్దు, సుత్తి పెట్టొద్దు. పని చేయకుండా చేయడానికి దాన్ని అతికించి ఉంటే అసలు కదపొద్దు, మీ కాగితానికి ఆధారం అదే.

మన తీరంలో అసలు శత్రువు ఉప్పు. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా గాలిలోనే ఉంటుంది. శుభ్రం చేసిన వస్తువుని వానాకాలంలో వారం బయట ఉంచి చూడండి. చెమట పట్టినట్టు నారింజ బొట్లు వస్తే లోపల క్లోరైడు, అంటే ఉప్పు, ఉంది. దాని మీద ఎంత మైనం రాసినా కింద తినేస్తూనే ఉంటుంది. అప్పుడు నూనె పూర్తిగా కడిగి, లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి 50 గ్రాముల వాషింగ్ సోడా కలిపి ప్లాస్టిక్ డబ్బాలో ముంచండి. కుళాయి నీళ్లు వద్దు, వాటిలోనే క్లోరైడు ఉంటుంది. వారానికోసారి నీళ్లు మార్చండి. తీసిన నీళ్లు కొంచెం గాజు గొట్టంలో పోసి, నురగ ఆగేదాకా పల్చటి నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి, ఆపైన సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే పాలలా విరిగిందంటే ఉప్పు ఇంకా వస్తోంది. నైట్రిక్ వేయకుండా చూస్తే సోడా వల్లే తెల్లబడి మోసపోతారు. చేతులకి తొడుగులు, కళ్లకి అద్దాలు ఉండాలి. ఇత్తడి భాగముంటే అదే డబ్బాలో ఇనుముతో కలిపి నానబెట్టొద్దు, రెండు లోహాలు తాకితే ఇనుము ముందు పోతుంది.

ఉప్పు వదిలాక డిస్టిల్డ్ వాటర్లో రెండు మూడుసార్లు కడిగి, ఎసిటోన్‌లో ముంచి తీసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. పాత నల్లపూత ఏమీ మిగలకపోతేనే టానిక్ ఆమ్లం: 100 గ్రాములు, 900 మి.లీ. నీళ్లు, 100 మి.లీ. ఆల్కహాలు. పల్చగా మూడు పూతలు, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు. తుప్పు నీలినలుపుకి తిరుగుతుంది. అసలు పూత మిగిలి ఉంటే ఇది వద్దు, ఆ రంగు మళ్లీ పోదు. చివరగా వస్తువుని గోరువెచ్చగా చేసి మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాసి గుడ్డతో మెరిపించండి. కొబ్బరినూనె, నువ్వులనూనె రాసే అలవాటు ఇళ్లలో ఉంది. అవి ఆరేకొద్దీ జిగురై ఆమ్లం పుట్టిస్తాయి, దుమ్ముని పట్టుకుంటాయి.

దాచడానికి రబ్బరు అంచు ఉన్న ప్లాస్టిక్ డబ్బా. ఘనపు మీటరుకి 20 కిలోల సిలికా జెల్ అన్న లెక్కన 10 లీటర్ల డబ్బాకి 200 గ్రాములు. లోపల చిన్న తేమ మీటరు పెట్టండి, 40 శాతం దాటకూడదు. నారింజరంగు జెల్ రంగు మారితే 110 నుంచి 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఓవెన్లో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. ప్లైవుడ్ పెట్టె, వార్తాపత్రిక చుట్టడం రెండూ వద్దు, రెంటిలోంచీ ఆమ్లపు ఆవిరి వస్తుంది.

ఇత్తడి గురించి ఒక్క మాట, అందరూ తెలుసుకోవాల్సింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల తొడుగులు వాటంతట అవే పగిలిపోయేవి. ఆ పగుళ్లు వానల సీజనులో వస్తున్నాయని ‘సీజన్ క్రాకింగ్’ అన్నారు. కారణం 1921లో తేలింది: గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, నొక్కి సాగదీసిన ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి. అందుకే అమ్మోనియా వాసన వచ్చే ఇత్తడి పాలిష్‌లు పాత నొక్కుడు ఇత్తడి మీద వాడకూడదు. చింతపండు కూడా వద్దు. బిందెలకి పరవాలేదుగానీ, ఆ పులుపు జింకుని లాగేసి ఇత్తడిని ఎర్రటి మచ్చలతో వదిలేస్తుంది, ముద్రలు అరుగుతాయి.

సంచీకి: ఉతకొద్దు. పాలిథిన్ కవరులో గాలి తీసి మూసి, డీప్ ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచితే పురుగు, గుడ్లు చస్తాయి. తీశాక ఒక రోజు కవరు విప్పకండి, చల్లటి గుడ్డ మీద తేమ పడుతుంది. తోలుపట్టీలకి నూనె పట్టించకుండా పొడిగుడ్డతో తుడిచి, మడత పడకుండా చుట్టి పెట్టండి.

---

కంటోన్మెంట్_విజయనగరం:

చాలా థాంక్స్ అండీ. అర్జీ రాస్తున్నాను. పేల్చే సంగతి ఎవరూ చెప్పలేదు, ఆ వీడియోల్లోవాళ్లు ఎలా చేస్తున్నారు?

---

వంశధార:

అది అమెరికా చట్టం ఇచ్చిన వీలు. ఆ వీడియోల్లో ఎక్కువగా కనబడేది 40 మి.మీ. ఎం79 గ్రెనేడ్ లాంచర్, 1961లో సైన్యంలోకి వచ్చింది, వేటతుపాకీ లాగానే గొట్టాన్ని మడత దగ్గర వంచి తెరిచి ఒక్కో గుండు పెడతారు. అక్కడ అర అంగుళం మించిన బోరున్నదాన్ని ‘డిస్ట్రక్టివ్ డివైస్’గా రిజిస్టరు చేయించి, 200 డాలర్ల పన్ను కట్టి, వేలిముద్రలిచ్చి అనుమతి వచ్చాక తీసుకోవాలి. పేలే గుండైతే ఒక్కో గుండుకీ విడిగా అదే తంతు. అందుకే వాళ్లు వాడేది ఎం781 రకం అభ్యాసపు గుండు, పడిన చోట నారింజ పొడి లేస్తుంది, అంతే. దాని వేగం సెకనుకి 76 మీటర్లు. రైఫిల్ గుండుతో పోలిస్తే చాలా నెమ్మది, కంటితో దాని దారి చూడొచ్చు, అందులోనే వాళ్ల సరదా ఉంది. ఇంత పెద్ద గుండుని తోసినా భుజానికి ఓర్చుకోగలిగే దెబ్బే ఉండటానికి కారణం తూటాలోని రెండు గదులు: మందు చిన్న గదిలో ఎక్కువ ఒత్తిడితో కాలి, రంధ్రాల ద్వారా పెద్ద గదిలోకి తక్కువ ఒత్తిడితో వస్తుంది. మీ కప్పులో అలాంటి ఏర్పాటు లేదు, అందుకే అది రైఫిల్ చెక్కని పగలగొట్టేది.

మన దేశంలో పౌరులకి గ్రెనేడ్ లాంచర్‌తో సరదా షూటింగ్ అనే దారి లేదు. సుద్దపొడి గుండైనా, ఇంట్లో చేసిన నకలైనా అంతే. నకలు గొట్టాలు ఇంకా ప్రమాదం, ఉక్కు రకం తెలియని గొట్టం ఎక్కడ చిట్లుతుందో ముందు తెలియదు.

గురి మీద ఇష్టం ఉంటే ఎయిర్ రైఫిల్ పట్టండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 బోరు, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. 10 మీటర్ల పోటీ బోర్డులో అన్నిటికంటే బయటి వలయం వ్యాసం 45.5 మి.మీ., అందులో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. నేల నుంచి బోర్డు మధ్యకి 1.40 మీటర్లు. గుండు ఆగడానికి వెనక ఉక్కు రేకుని కిందికి వంచి పెట్టిన పెట్టె ఉండాలి, ఉత్త గోడైతే సీసం గుండు తిరిగి కొడుతుంది. కొట్టాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా తినకండి, సీసపు పొడి వేళ్లకి అంటుకుంటుంది.

---

పాలకొండ_రోడ్:

అర్జీలో ఒక్కటి చూసుకోండి. ‘గ్రెనేడ్ లాంచర్’ అని రాయకండి, ‘రైఫిల్ మూతికి తగిలించే 63.5 మి.మీ. ఉక్కు కప్పు, పంచనామాలో ఫలానా వరుస సంఖ్య’ అని రాయండి. పంచనామాలో ఉన్న పేరుకీ అర్జీలో ఉన్న పేరుకీ తేడా వస్తే ఫైలు వెనక్కి తిరిగొస్తుంది.